పాత మారుతి 800 కొని ఇంజిన్ మార్చుకోవడం ఎలా?

మీ వీధి చివరో, మీ బంధువుల ఊళ్లోనో ఒక మారుతి 800 టార్పాలిన్ కింద పడి ఉండే ఉంటుంది. టైర్లలో గాలి ఉండదు, పైన వేపాకులు రాలి ఉంటాయి. ఓనర్‌ని కదిపితే "ఇంజిన్ పోయిందండీ, బాడీ మాత్రం గట్టిది, ఎంతో కొంత ఇచ్చి తోలుకుపోండి" అంటాడు. అందులో మొదటి మాట నిజమే అయి ఉంటుంది. రెండో మాట సంగతి మీరే తేల్చుకోవాలి.

ఇలాంటివి నేను రెండు కొన్నాను. మొదటిది ఇంజిన్ చప్పుడు విని మురిసిపోయి కొన్నాను, మునిగాను. కాలి కింద మ్యాట్ ఎత్తి చూడాలన్న సంగతి అప్పటికి తెలియదు. రెండోదాని ఇంజిన్ అసలు తిరగనే లేదు. బాడీ, కాగితాలు చూసి కొన్నాను, ఇవాళ్టికీ కూరగాయలకు దాని మీదే వెళ్తున్నాను. ఇంజిన్ బజార్లో దొరుకుతుంది. తుప్పు పట్టని ఫ్లోరు, చిక్కుల్లేని ఆర్‌సీ బజార్లో దొరకవు.

ఏ సంవత్సరం బండి చూడాలి

మారుతి 800 అమ్మకాలు 1983 డిసెంబర్‌లో మొదలయ్యాయి, తయారీ 2014 జనవరిలో ఆగింది. ముప్పై ఏళ్లు నడిచిన మోడల్ కాబట్టి సామాన్లకు కరువు లేదు. 2000 ప్రాంతం దాకా వచ్చినవి కార్బొరేటర్ (పెట్రోల్‌నీ గాలినీ కలిపే పాత పద్ధతి) బళ్లు, తర్వాతివి ఎంపీఎఫ్‌ఐ (కంప్యూటర్ కొలిచి పెట్రోల్‌ని చిమ్మే రకం). ఇంజిన్ రెంటిలోనూ 796 సీసీయే, మూడు సిలిండర్లే. కార్బొరేటర్ బండి ముచ్చటగా ఉంటుంది, నిజమే. కానీ దాన్ని ఓపిగ్గా ట్యూన్ చేసే పాత మేస్త్రీలు తగ్గిపోయారు. మొదటిసారి చేసేవాళ్లు 2008 తర్వాతి ఎంపీఎఫ్‌ఐ బండి చూసుకోవడం మేలు. 2010 ఏప్రిల్‌లో హైదరాబాద్‌తో కలిపి 13 నగరాల్లో బీఎస్ 4 పొల్యూషన్ నిబంధన రావడంతో అక్కడ 800 అమ్మకం ఆగింది. జిల్లాల్లో ఆ తర్వాత కూడా అమ్మారు. అందుకే ఆఖరి బళ్లు కావాలంటే హైదరాబాద్‌లో కన్నా చిన్న ఊళ్లలో వెతకాలి.

బానెట్ ఎత్తేముందు ఆర్‌సీ అడగండి

సొంత కారు ఆర్‌సీ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. ఇక్కడే చాలామంది దెబ్బ తింటారు. రెన్యువల్ ఫీజు 5,000 రూపాయలు. బండికి 20 ఏళ్లు దాటితే 2025 ఆగస్టు నుంచి అది 10,000 అయింది. గ్రీన్ ట్యాక్స్ వేరే. ఇవి కాక, గడువు దాటిన ప్రతి నెలకూ 500 చొప్పున ఆలస్య రుసుము కేంద్ర నిబంధనల్లో ఉంది. మూడేళ్లుగా టార్పాలిన్ కింద పడున్న బండికి ఒక్క ఆలస్యం లెక్కే 18,000. ఓనర్ ఆ లెక్క చెప్పడు. ఆయనకే తెలియకపోవచ్చు కూడా.

పైగా రెన్యువల్ కావాలంటే బండిని ఆర్టీవో ఆఫీసుకు తీసుకెళ్లి ఇన్‌స్పెక్టర్‌కి చూపించాలి. ఇంజిన్ లేని బండిని ఎలా చూపిస్తారు? అందుకని గడువు కనీసం ఏడాదైనా మిగిలిన ఆర్‌సీనే ఎంచుకోండి. ఇంజిన్ పని మొదలుపెట్టాక ఏదో ఒక సామాను కోసం నెలో రెండు నెలలో ఆగాల్సి వస్తుంది.

ఆర్‌సీలో హైపోతికేషన్ అని ఒక బ్యాంకు పేరు ఉంటే బండి మీద లోన్ ఇంకా ఉందనో, ఎప్పుడో తీరిపోయినా ఆ పేరు తీయించలేదనో అర్థం. అందులో ఆంధ్రా బ్యాంక్ అని కనిపించినా కంగారు పడొద్దు. అది 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో కలిసింది, ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న లెటర్) యూనియన్ బ్యాంకే ఇస్తుంది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయితే ఎస్‌బీఐకి వెళ్లాలి. ఆ లెటరూ, ఆర్‌సీలో బ్యాంకు పేరు తీయించే ఫారం 35 ఓనర్ చేతే తెప్పించండి. డబ్బు మీ చేతిలో ఉన్నంతవరకే ఆయన బ్యాంకు చుట్టూ తిరుగుతాడు.

బండి తాతగారి పేరు మీద ఉండి, ఆయన కాలం చేసి ఉంటే ముందు ఫారం 31తో వారసుడి పేరుకు మార్పించమనండి. "సంతకం నేను పెట్టేస్తాలెండి" అని మనవడు అంటే దండం పెట్టి వచ్చేయండి. మామూలు ట్రాన్స్‌ఫర్‌కి ఫారం 29, 30 చాలు. తెలంగాణ బండిని ఆంధ్రలో గానీ, ఆంధ్ర బండిని తెలంగాణలో గానీ కొంటే ఫారం 28 మీద ఎన్‌వోసీ, మళ్లీ ట్యాక్స్, మళ్లీ నెంబరు. ఇంత చవక బండికి అంత తతంగం దండగ, సొంత రాష్ట్రంలోనే చూసుకోండి.

ఛాసిస్ నెంబర్‌ని మీ కళ్లతో చూడాలి. బానెట్ కింద, ఇంజిన్ వెనక ఉన్న రేకు గోడ మీద కొట్టి ఉంటుంది. కిరసనాయిల్ గుడ్డతో తుడిచి, ఆర్‌సీ పక్కన పెట్టుకుని ఒక్కో అంకె చదవండి. అక్కడి రేకు మీద వెల్డింగ్ గీత కనిపించినా, అంకెలు వంకరటింకరగా ఉన్నా ఆ బండి వదిలేయండి.

తుప్పు వేట

ఒక స్క్రూడ్రైవరూ, ఫ్రిజ్ మీద అంటించే చిన్న అయస్కాంతమూ జేబులో వేసుకెళ్లండి. పొద్దున పూట వెళ్లాలి. సాయంత్రం వెలుతురులో ప్రతి కారూ కొత్తదే.

మొదట డ్రైవర్ కాలి కింద మ్యాట్ ఎత్తండి. దాని కింద తారు షీటు ఉంటుంది, అంచు పట్టుకుని అదీ లేపండి. స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా నొక్కండి. టంగుమంటే రేకు ఉన్నట్టు. మెత్తగా దిగబడితే రేకు పోయి రంగు మాత్రమే మిగిలినట్టు. ఆ తర్వాత తలుపుల కింది పట్టీలు, జాకీ పెట్టే చోట్లు, బ్యాటరీ ట్రే కింద, అద్దం రబ్బరు కింది మూలలు చూడండి. బ్యాటరీ యాసిడ్ కారి ట్రే కింద రేకు జల్లెడ కావడం 800లో మామూలే. బానెట్ లోపల ముందు షాక్ అబ్జార్బర్లు పైన బిగించే రెండు గూళ్లూ అన్నిటికన్నా ముఖ్యం. అక్కడ తుప్పు తినేసి ఉంటే టింకరింగ్‌తో (రేకు అతుకుల పనితో) నిలబడదు.

అయస్కాంతాన్ని డోర్ల మీదా, వెనక చక్రాల పైన వంపు మీదా పెట్టి చూడండి. అంటుకోకపోతే లోపల పుట్టీ దట్టంగా పట్టించారన్నమాట. చిన్న చిన్న పుట్టీలకు బాధపడక్కర్లేదు, ఇరవై ఏళ్ల బండికి గీత పడకుండా ఉంటుందా? కానీ పైకప్పును మోసే పిల్లర్ల మీద పుట్టీ ఉంటే మాత్రం ఏదో పెద్ద యాక్సిడెంటే.

వైజాగ్, కాకినాడ, మచిలీపట్నం బళ్లకు ఉప్పుగాలి తగిలి ఉంటుంది, కింది భాగం రెండుసార్లు చూడండి. విజయవాడ బండి అయితే 2024 సెప్టెంబర్ వరదల్లో మునిగిందేమో చూసుకోవాలి. సీట్లు కడిగించి, సెంటు కొట్టి అమ్మేస్తారు. సీట్ బెల్టును చివరిదాకా బయటికి లాగండి. ఎవరూ కడగని చోటు అదొక్కటే. నీళ్లు నిలిచిన చోట మట్టి చార కనిపిస్తుంది.

అసలు ఇంజిన్ మార్చాలా?

"బోర్‌కొచ్చింది సార్" అని, అంటే సిలిండర్లు అరిగిపోయాయని మెకానిక్ అనగానే తలూపకండి. పదిహేను నిమిషాల పని, సిలిండర్లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ పెట్టించండి. మూడు ప్లగ్గులూ పీకి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫ్ కొట్టాలి. మూడు సిలిండర్లలోనూ 150 పీఎస్‌ఐ దాటి, వాటి మధ్య తేడా 15 లోపు ఉంటే బోరుకు ఢోకా లేదు, జబ్బు వేరే ఎక్కడో ఉంది. పక్కపక్క సిలిండర్లు రెండూ తక్కువ చూపిస్తే హెడ్ గాస్కెట్ కాలి ఉండొచ్చు. ఏదైనా సిలిండర్ తక్కువ చూపిస్తే ప్లగ్గు కన్నంలో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. రీడింగ్ పెరిగితే రింగులు అరిగినట్టు, పెరగకపోతే వాల్వులో గాస్కెట్టో.

ఇంత ఎందుకు చెప్తున్నానంటే, బ్లాకు (సిలిండర్లు ఉండే ఇంజిన్ దిమ్మ) పగలకపోతే రీబోర్ చేయించుకోవచ్చు, అంటే అరిగిన సిలిండర్లను కాస్త వెడల్పుగా చెక్కించడం. కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు పడతాయి, లేత్ షాపులో వారం పడుతుంది. ఇంజిన్ నెంబర్ మాత్రం మారదు. ఆర్టీవో చుట్టూ తిరిగే పనే లేదు. కనెక్టింగ్ రాడ్డు బ్లాకును పొడుచుకుని బయటికొచ్చినా, బ్లాకుకు బీట పడినా, ఇదివరకే రీబోర్ చేసి చేసి ఇక సైజు మిగలకపోయినా అప్పుడు ఇంజిన్ మార్చడమే దారి.

ముందు అనుమతి, తర్వాత ఇంజిన్

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అంటే 800లో మారుతి జెన్ కారుది 993 సీసీ ఇంజిన్ పెట్టి రయ్యిమని తిరగాలన్న సరదా కుర్రాళ్లకు ఉంటుంది గానీ, ఆర్‌సీలో 796 ఉండగా అది కుదరదు. యాక్సిడెంట్ జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లకు అంతకన్నా మంచి సాకు దొరకదు.

అదే మేక్, అదే రకం ఇంజిన్ అయితే ఆర్టీవో అనుమతితో మార్చుకుని, కొత్త ఇంజిన్ నెంబరును ఆర్‌సీలోకి ఎక్కించుకోవాలి. అర్జీ ముందే పెట్టండి. ఒరిజినల్ ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, ఇంజిన్ కొన్న బిల్లు దగ్గర పెట్టుకోండి. నెంబర్ల మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసిన ప్రింట్ కూడా అడుగుతారు. ఇంజిన్ బండిలోకి ఎక్కాక అక్కడికి చెయ్యి దూరదు, కింద ఉండగానే రెండు మూడు ప్రింట్లు తీసి పెట్టుకోండి. పని అయ్యాక కొత్త నెంబరును ఇన్సూరెన్స్ పాలసీలో కూడా మార్పించుకోవాలి.

ఇంజిన్ బేరం

విజయవాడ ఆటోనగర్‌లో ఒక పూట తిరిగితే చాలు, 800 ఇంజిన్లు వరసగా పేర్చి కనిపిస్తాయి. మెకానిక్‌ని వెంట తీసుకెళ్లండి, కానీ బేరం ఆయన చేత చేయించకండి.

"ఓమ్నీ ఇంజిన్ ఉంది సార్, సేమ్ ఇంజినే" అంటారు. అబద్ధం కాదు, నిజమూ కాదు. ఓమ్నీలోనూ అదే 796 సీసీ ఇంజినే, కానీ అందులో అది నిలువుగా కూర్చుని వెనక చక్రాలను తిప్పుతుంది. 800లో అడ్డంగా కూర్చుని ముందు చక్రాలను తిప్పుతుంది. ఆయిల్ సంపు, ఫౌండేషన్లు (ఇంజిన్‌ని బాడీకి పట్టి ఉంచేవి), మానిఫోల్డు తేడా. అవన్నీ మార్చుకుంటూ కూర్చునే ఓపిక మొదటి బండికి వద్దు. అలాగే మీది ఎంపీఎఫ్‌ఐ అయితే ఎంపీఎఫ్‌ఐ ఇంజినే తీసుకోండి, పాత వైరింగూ, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) అలాగే ఉండిపోతాయి.

ముందు బ్లాకు మీద నెంబర్ చూపించమనండి. నేను రెండో బండికి ఇంజిన్ వెతుకుతున్నప్పుడు ఒక షాపులో బ్రహ్మాండమైన ఇంజిన్ చూపించారు, రంగు కూడా వేసి ఉంది. నెంబరేదన్నా అంటే "ఉంటుంది సార్, మసిలో కనపడట్లేదు" అన్నాడు. గుడ్డతో తుడిస్తే ఆ చోటు అద్దంలా నున్నగా ఉంది. గ్రైండర్ పెట్టేశారు. అలాంటి ఇంజిన్ ఊరికే ఇచ్చినా వద్దు, దొంగసొత్తు కొన్న కేసు మీ మెడకు చుట్టుకుంటుంది. ఇంజిన్ నెంబర్ రాసిన బిల్లు, ఆ ఇంజిన్ ఏ బండిలోంచి దించారో దాని ఆర్‌సీ కాపీ, ఈ రెండూ ఇస్తేనే డబ్బు తీయండి.

ఆయిల్ మూత తీసి లోపలివైపు చూడండి. టీలో మీగడలా తెల్లగా ఉంటే నీళ్లు కలిశాయి. క్రాంక్ పుల్లీకి స్పానర్ వేసి చేత్తో రెండు చుట్లు తిప్పండి, ఎక్కడా పట్టేయకూడదు. అడిగితే నేల మీదే పెట్టి బ్యాటరీ, పెట్రోల్ డబ్బా తగిలించి స్టార్ట్ చేసి చూపిస్తారు. అప్పుడు ఆయిల్ మూత తీసి అరచేయి అడ్డం పెట్టండి. కొంచెం ఆవిరి సహజం. బుస్సుమని చేతిని తోసేస్తుంటే రింగులు అయిపోయాయి.

దించడం, ఎక్కించడం

ఏదీ విప్పకముందే ఫోన్‌తో ఫొటోలు తీయండి. ప్రతి వైరుకూ, ప్రతి సన్న పైపుకూ తెల్ల టేపు చుట్టి నెంబరు రాయండి. మెకానిక్ నవ్వుతాడు, నవ్వనివ్వండి. పది రోజుల తర్వాత సన్న వాక్యూమ్ పైపు ఎక్కడిదో తెలియక తల గోక్కునేది ఆయనే. బోల్టులు ఒకే డబ్బాలో కాకుండా, ఫౌండేషన్‌వి ఒక కవర్లో, గేర్‌బాక్స్‌వి ఒక కవర్లో వేయించండి.

బ్యాటరీ, బానెట్, రేడియేటర్ తీసి, కూలెంటూ ఆయిళ్లూ దించి, సైలెన్సర్ ముందు పైపు, యాక్సిల్ షాఫ్టులు, గేర్ రాడ్డు, కేబుళ్లు విప్పాక గేర్‌బాక్స్‌తో సహా చైన్ పుల్లీ మీద ఇంజిన్ బయటికొస్తుంది. పెట్రోల్ పైపు విప్పేముందు లైన్లో ప్రెషర్ తీసేయాలి, దగ్గర్లో ఎవరి చేతిలోనూ బీడీ ఉండకూడదు.

కొత్తగా తెచ్చిన ఇంజిన్ నేల మీద ఉండగానే చేయాల్సిన పనులున్నాయి. టైమింగ్ బెల్టు, క్రాంక్ వెనక ఆయిల్ సీలు, వాటర్ పంపు, క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగు కొత్తవి వేయించండి. "ఇంకా బాగానే ఉన్నాయి కదా" అంటారు. ఆయిల్ సీలు ఖరీదు ఎంత, దాని కోసం మళ్లీ ఇంజిన్ దించే కూలీ ఎంత? క్లచ్ ప్లేటు సరిగ్గా మధ్యలో కూర్చోకపోతే గేర్‌బాక్స్ షాఫ్టు దూరదు. అప్పుడు కొంతమంది బోల్టులు బిగిస్తూ లాగుతారు, గేర్‌బాక్స్ చెవి విరిగి చేతికొస్తుంది. మధ్యకు తెచ్చే పాత షాఫ్టు ముక్క ప్రతి షెడ్డులో ఉంటుంది, దాన్నే వాడమనండి. ఫౌండేషన్ రబ్బర్లు చీలి ఉంటే మార్చేయండి. ఇంజిన్ ఎంత మంచిదైనా రబ్బర్లు పోతే స్టీరింగ్ మిక్సీలా వణుకుతుంది.

పాత బళ్లలో మెకానిక్‌లు థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని ఆపే వాల్వు) పీకేసి, ఫ్యాన్‌ని ఎప్పుడూ తిరిగేలా డైరెక్ట్ చేసేస్తారు. "మన ఎండలకు అదెందుకు సార్" అని కారణం చెప్తారు. మళ్లీ పెట్టించండి. అది లేకపోతే ఇంజిన్ చల్లగానే తిరుగుతుంది, ఎంపీఎఫ్‌ఐ బండి చల్ల ఇంజిన్‌కి పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది. ఇప్పుడు బంకుల్లో ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే వస్తోంది. ఆ కాలం రబ్బరు పైపులు దానికి తయారైనవి కావు. పెట్రోల్ పైపులన్నీ ఒకేసారి మార్చేయండి, ఆ ఖర్చుకు వెనకాడొద్దు.

మొదటి సెల్ఫ్

ప్లగ్గులు తీసేసి, పెట్రోల్ పంపు ఫ్యూజు పీకి, ఆయిల్ లైటు ఆరేదాకా ఆగి ఆగి సెల్ఫ్ కొట్టండి. బేరింగులకు ఆయిల్ చేరాకే ఇంజిన్ అంటుకోవాలి.

నా బండికి ఇక్కడే టెన్షన్ పుట్టింది. అంతా బిగించి తాళం తిప్పితే టక్కుమని ఊరుకుంది. బ్యాటరీ కొత్తదే. ఇంకోసారి, ఇంకోసారి. నాలుగోసారికి యాక్సిలరేటర్ కేబుల్ మీదినుంచి సన్నగా పొగ లేచింది, పైన ప్లాస్టిక్ కరిగి కారుతోంది. ఇంజిన్‌కీ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ బిగించడం మర్చిపోయాం. సెల్ఫ్ మోటారు లాగే కరెంటంతా దారి లేక ఆ కేబుల్‌లోంచి వెళ్లింది. పట్టీ బిగిస్తే అరచుట్టుకే ఇంజిన్ అందుకుంది. కాబట్టి తాళం తిప్పేముందు ఎర్త్ పట్టీ మీద చెయ్యి పెట్టి చూసుకోండి. రెండు చివర్లా తుప్పు గీకి మరీ బిగించాలి.

స్టార్ట్ అయ్యాక రేసు చేయకండి. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఐడ్లింగ్‌లో వదిలి, చల్లారాక కూలెంట్ మట్టం చూసి నింపండి.

రోడ్డెక్కేముందు

ఇంజిన్ సంబరంలో బ్రేకులు మర్చిపోతారు. ఏళ్ల తరబడి కదలని బండికి వెనక వీల్ సిలిండర్లు కచ్చితంగా కారుతాయి. వాటిని మార్పించి, బ్రేక్ ఆయిల్ మొత్తం కొత్తది పోయించండి. టైరు పక్కన నాలుగంకెలు చూడండి. 1812 అంటే 2012లో 18వ వారం. గాట్లు ఎంత లోతుగా ఉన్నా పదేళ్లు దాటిన టైరుతో హైవే ఎక్కొద్దు. సీట్ కవర్లు, స్టీరియో, రంగు అన్నిటికన్నా చివర. నా అనుభవంలో కారుకి ఎంత పెడితే ఇంచుమించు అంతే మళ్లీ బాగుచేతకు అయింది, అదీ రంగు జోలికి పోకుండా.

మొదటి 500 కిలోమీటర్లూ ఊళ్లోనే, 60 దాటకుండా తిప్పండి. తర్వాత ఆయిలూ ఫిల్టరూ మార్చి, ఫౌండేషన్ బోల్టులు మళ్లీ బిగించండి. అన్నాళ్లూ రాత్రిపూట ఇంజిన్ కింద ఒక పాత అట్టపెట్టె పరిచి ఉంచండి. పొద్దున్నే బయటికి లాగి చూస్తే ఎక్కడ ఏది కారుతోందో మరక చెప్తుంది. నల్లగా ఉంటే ఇంజిన్ ఆయిల్, ఆకుపచ్చగా ఉంటే కూలెంట్. గంధకం వాసన కొట్టే జిడ్డు అయితే గేర్‌బాక్స్‌ది. నా అట్టపెట్టె మీద మూడో వారం దాకా రోజూ రూపాయి బిళ్లంత నల్ల మరక పడేది. ఆయిల్ ఫిల్టర్ తీసి చూస్తే పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకుని ఉండిపోయింది.